పొలాసలో ఒక దినము



యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము తెరచి దగ్గర ఉంచుకొనండి. దానిలోనికి కొంచెం ఆలస్యముగా వస్తాము. ముందు మిమ్మును జగిత్యాల కోటకు, అక్కడనుండి పొలాస గ్రామమునకు తీసుకొని వెళ్ళాలని ఉంది.

కోరుట్లలోను సిరిసిల్లలోను ఉన్న మనము జగిత్యాలకు ఎన్నిసార్లు పోయి వచ్చామో లెక్క లేదు. ఆసుపత్రి పని, కోర్టు పని, పెండ్లి బట్టలు. కోట లోపలికి వెళ్ళినవారు మాత్రం తక్కువ. నేనును సండేస్కూలు పిల్లలు పట్టుబట్టితేనే వెళ్ళాను.

ఈ కోటను 1747లో నిజాము సర్దారైన ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్ల సహాయముతో కట్టించాడని చెప్తారు. జాక్, తాల్ అనే ఆ ఇద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందని ఊరిలో ఒక కథ ఉంది. పూర్వపు జగ్గదేవుడనే రాజు పేరునుండి వచ్చిందని మరికొందరంటారు. నాకు ఈ రెండవదే నమ్మదగినదిగా తోస్తుంది. కోట కట్టిన కూలీల పేర్లు కాదు గదా, కట్టించిన సర్దారు పేరే ఊరికి నిలువలేదు, ఇంజనీర్ల పేర్లు నిలుస్తాయా?

కోట చుట్టూ కందకము, పైన ఫిరంగులు. పైనుండి చూస్తే నక్షత్రము ఆకారము. "అయ్యగారూ, గోడకు ఇన్ని మూలలు ఎందుకు పెట్టిండ్రు?" అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. గుండ్రని బురుజు అయితే దాని అడుగున చేరిన శత్రువు పైనున్నవానికి కనబడడు. మూల ముందుకు పొడుచుకొని వస్తే, ఒక మూలలోని ఫిరంగి పక్క మూల గోడను కాపాడుతుంది. దాగుకొనుటకు జానెడు చోటు ఉండదు. ఫిరంగులు వచ్చిన తరువాత ఐరోపా వారు నేర్చుకొన్న విద్య ఇది.

ఇంచుమించు అదే సమయమున సముద్రాల అవతల స్కాట్లండు దేశములో ఇటువంటి కోటనే కట్టారు. 1746లో కల్లోడెన్ యుద్ధములో కొండసీమ వారి తిరుగుబాటు అణగిపోయింది. మరల తల ఎత్తకుండా 1748లో ఆర్డర్సియర్ అనే పల్లె దగ్గర జార్జి కోట మొదలుపెట్టి 1769లో ముగించారు. ఇరువది యొక్క సంవత్సరముల పని. తరువాత దానిమీదికి ఒక్క శత్రువు కూడ రాలేదు! ఈలోగా ఆ కొండసీమ రైతులను గొర్రెల మేతకొరకు దొరలు భూములనుండి వెళ్ళగొట్టగా, వేలమంది ఓడలెక్కి కెనడాకు, అమెరికాకు పోయారు. కోట నిలిచింది, పల్లెలు ఖాళీ అయ్యాయి.

మన కోట సంగతి చూడండి. గోడలు లేచిన మరుసటి ఏడే, 1748లో, మొదటి నిజాము చనిపోయాడు. కుమారుడు నాసర్ జంగు 1750లోను, మనుమడు ముజఫర్ జంగు 1751లోను హతులయ్యారు. ఇద్దరిని చంపినవారు పరాయి దేశము నుండి రాలేదు, వారి సైన్యములో ఉన్న నవాబులే. నక్షత్రపు మూలలు ఎన్ని ఉంటే ఏమి?

జగిత్యాలకు కొద్ది దూరములోనే పొలాస. ఇప్పుడు మామూలు పల్లె. పాత శివాలయము ఉన్నది, చుట్టూ వరి మళ్ళు ఉన్నవి. ఒకప్పుడు దీని పేరు పొలవాస, మేడరాజు అనే రాజు ముఖ్యపట్టణము. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనము ఉన్నది. కాకతీయ రుద్రదేవుడు మేడరాజును ఓడించి పొలవాస దేశమును తీసుకొన్నాడని అందులో చెక్కారు. అది గెలిచినవాడు చెక్కించిన రాయి అని మరువకండి. ఓడినవారి ఇండ్లలో ఆ రాత్రి ఎవరు ఏడ్చారో ఏ రాతిమీదను లేదు.

ఇప్పుడు పొలాస పేరు రైతులకు ఎందుకు తెలుసు? అక్కడ వ్యవసాయ పరిశోధనా స్థానము ఉన్నది గనుక. పొలాస ప్రభ అనే వరి అక్కడిదే. జగిత్యాల సన్నాలు అక్కడివే. సన్నబియ్యమునకు పేరుపొందిన సాంబ మసూరికి ఉల్లికోడు తగిలితే పైరు గొట్టములై ఎండిపోయేది. దానిని కావ్య అనే రకముతో కలిపి, ఉల్లికోడును తట్టుకొనే సన్నరకమును పండించారు. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి బురదలో వంగి చేసిన పని అది. మరియొక సంగతి గమనించండి. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టునుండి మన జిల్లాలోకి వచ్చే నీళ్ళ కాలువ పేరు కాకతీయ కాలువ. ఆ పేరుగలవారు ఒకనాడు ఈ సీమకు కత్తి తెచ్చారు. ఎనిమిది వందల ఏండ్లకు అదే పేరున నీళ్ళు వచ్చాయి. యెషయా ప్రవక్త 2వ అధ్యాయములో ఆయుధములు సేద్యపు పనిముట్లగుట చూచాడు గదా. నాకు ఆ గట్టుమీద ఆ మాట జ్ఞాపకము వచ్చింది.

ఇప్పుడు యిర్మీయా 32. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యము ముట్టడి దిబ్బలు వేసింది. ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. పట్టణము పడిపోతుందని చెప్పినవాడు ఆయనే. అటువంటప్పుడు పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలము కొనుమన్నాడు. శత్రువుల చేతిలో ఉన్న పొలము ఎవరైనా కొంటారా? ఆయన 17 తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, క్రయపత్రమును కుండలో దాచమని బారూకుకు అప్పగించాడు. గోడ పడిపోవుట చూస్తూనే పొలము కొన్నాడు.

ఈ మాట నేను ఎందుకు చెప్పుచున్నానో దాచను. మన సంఘములలో దుబాయిలో, మస్కటులో మనిషి లేని ఇల్లు అరుదు. కోరుట్లలో ఒక సహోదరి ఆరాధన తరువాత నన్ను అడిగింది: "మా ఆయన పైసలు పంపిండు అయ్యగారూ. ఇంటి సుట్టు ప్రహరి కట్టుమంటడు. ఉన్న ఎకరం బీడు వడ్డది. ఏం జెయ్యాలె?" ప్రార్థన చేయండమ్మా అని చెప్పి తప్పించుకొన్నాను. ఆ జవాబు నాకే సిగ్గుగా ఉండెను. ఒంటరిగా ఉన్న స్త్రీకి గోడ అక్కర లేదని నేను అనను. దొంగల భయము నిజమే. అయితే ఆయన తిరిగి వచ్చిన దినమున గోడను దున్నుకొంటాడా?

పొలాసనుండి వస్తూ పిల్లలను దింపి ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో ఇటుకలు సగము దించి ఉన్నవి. యిర్మీయా 32 చదివాము. ఆమె ఏమియు మాటలాడలేదు. ఆమె కొరకు, అక్కడ ఎండలో పనిచేయుచున్న ఆయన కొరకు ప్రార్థించి లేచాను. గడప దాటుచుండగా వెనుకనుండి అడిగింది: "పొలాసల ఇత్తనాలు ఏ నెలల ఇస్తరు అయ్యగారూ?"