మగ్గము మీది పన్ను

2017 వ సంవత్సరము జూలై నెలలో వస్తుసేవల పన్ను క్రొత్తగా అమలులోనికి వచ్చినప్పుడు, మా పాఠశాలలో చదువుచుండిన యొక నేతవారి పిల్లవాడు నూలుకొట్టులో ఇచ్చిన బిల్లును మాకు చూపి దాని యర్థమును చెప్పుమని యడిగెను. వాని తండ్రి స్వంత మగ్గము గలవాడు. షావుకారు వద్ద కూలికి నేయక, నూలు తానే కొని, బట్ట తానే యమ్ముకొనువాడు. బిల్లులో నూలు వెల క్రింద కేంద్రమునకు రెండున్నర, రాష్ట్రమునకు రెండున్నర, వెరసి నూటికి 5 చొప్పున పన్ను వేయబడి యుండెను. "ఇరవై లక్షల లోపు అమ్ముకునేవాళ్లకు పన్ను లేదన్నారు గదండీ మాస్టారూ, మరి మా నాన్నకు ఇదెందుకు పడింది?" అని వాని ప్రశ్న.

ప్రశ్న చిన్నదే. కాని నూట యేబది యేండ్లకు పైబడిన చరిత్రను గూర్చి విచారింపనిదే దానికి సరియైన సమాధానము చెప్పుటకు వీలులేదు. చేతిపనివాడు తన పనికి కావలసిన పరికరములకును ముడిసరకులకును పన్ను చెల్లించుట మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. ఈ వ్యాసమున మేము ముఖ్యముగ పూర్వపు చెన్నరాజధానిలోని తెలుగు జిల్లాలను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. నైజాము రాజ్యములోని పద్ధతులు వేరు. అచ్చట సాధారణ అమ్మకపు పన్ను చట్టము 1950 లో గాని రాలేదు.

ఉత్తర సర్కారులును, 1800 లో దత్తమండలములును కుంఫిణీవారి వశమైన పిదప భూమిశిస్తుతోపాటు వారికి సంక్రమించిన పాత పన్నులలో మోతర్ఫా యొకటి. ఈ మాట అరబ్బీ భాషలో వృత్తిని, చేతిపనివానిని దెలుపు శబ్దమునుండి పుట్టినది. భూమి దున్నువాడు శిస్తు కట్టుచుండగా భూమి లేనివాడు మాత్రము ఊరక యుండనేల యనునది దీని మూలసూత్రము. సాలె, వడ్రంగి, కమ్మరి, కంచరి, అంగడివాడు, తుదకు దారిప్రక్కన గంప దించి యమ్ముకొనువాడు గూడ దీని పాలబడిరి. దత్తమండలములలో వర్తకులపై వేసినదానికి వీసబడి యని పేరు. రేటు జిల్లా జిల్లాకును, ఒక్కొక్కచో కులము కులమునకును మారుచుండెను. సాలెవాని విషయమున సాధారణముగ మగ్గములను లెక్కించి పన్ను కట్టిరి. మగ్గమును లెక్కించుట సులభము. ఆ మగ్గముపై ఎన్ని గజములు దిగినవి, వాని నెవరు కొనిరి, నూలు వెల పోగా మిగిలిన దెంత యని విచారించుట కష్టము. కనుక కష్టమైనదానిని విడిచి సులభమైనదానిని పట్టుకొనిరి. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి సంతల నాక్రమించి, నేతవాని రాబడి సగమైనను, గుంటలోని మగ్గము మగ్గమే గదా!

దీనికి తోడు నూలుగాని బట్టగాని ఊరు దాటి పోవునప్పుడు సుంకపు చావడులలో చెల్లించు సుంక మొకటి యుండెను. అది 1844 లో రద్దయ్యెను. మోతర్ఫా మాత్రము నిలిచినది.

ఈ పన్నును గూర్చి పార్లమెంటువారి యెదుట మొట్టమొదట గట్టిగా మొరపెట్టిన దేశీయసంఘము చెన్నపట్టణ స్వదేశి సంఘము. 1852 లో దానిని స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు తెలుగు వర్తకులు. 1844 లోనే 'క్రెసెంటు' అను పత్రికను నెలకొల్పినవారు. మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఆయన పేరు మాకు కనబడుట యరుదు. ఇది మాకు వింతగ తోచును. కుంఫిణీవారి పట్టా గడువు ముగియనున్న సమయమున ఈ సంఘమువారు పార్లమెంటునకు పంపిన మహజరులో మోతర్ఫాను గూర్చి చెప్పిన సంగతులు నేటికిని చదువదగినవి. అల్పమైన పనిముట్లపై గూడ పన్ను పడుచున్నదనియు, ఆ పనిముట్టు ఖరీదు కంటె దానిని వాడుకొనుటకు కట్టవలసిన పన్ను తరచుగ ఆరురెట్లు మించుచున్నదనియు వారు వ్రాసిరి. కలవానికంటె లేనివానిపైననే ఈ భార మెక్కువగ పడుచున్నదనియు, వసూలుదారులు సోదాల పేర ఇండ్లలో జొరబడి, లంచములు గుంజి, సంకెలలు వేయుటకు గూడ వెనుదీయుట లేదనియు మొరపెట్టుకొనిరి. ఇంతయు చేసి రాజధాని మొత్తముమీద వచ్చు రాబడి సాలుకు లక్ష పౌనులకు కొంచెము పైమాట!

సంకెలల మాట అతిశయోక్తి యని సీమలో కొందరు తలంచి యుందురు. కాని శెట్టిగారి ప్రోద్బలమున 1853 లో పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమర్ దొరగారు వచ్చి జిల్లాలను స్వయముగ చూచిపోయిరి. మరుసటి యేట విచారణ సంఘ మేర్పడినది. పన్నుల వసూలుకై చిత్రహింసలు జరుగుట నిజమే యని ఆ సంఘము 1855 లో ప్రకటించెను.

1860 లో ఆదాయపు పన్ను వచ్చినది. దానితోపాటే మోతర్ఫా పోయినది. సాలుకు 200 రూపాయలకు తక్కువ రాబడి గలవానికి క్రొత్త పన్ను లేదు. కనుక పనిముట్టును విడిచి రాబడిని చూచుట అప్పుడు ప్రారంభమైనది. ఆదాయపు పన్నును ఆ కాలపు పెద్దమనుష్యులు మిక్కిలి తిట్టిరి. సాలెవాడు తిట్టినట్లు మాకు కనబడదు.

మగ్గము విడుదలైనది. తరువాతి వంతు నూలుది. 1894 లో దిగుమతి నూలుపై నూటికి 5 సుంకము వేసి, దేశీయ మిల్లుల సన్ననూలుపైన గూడ సరిసమానముగ ఎక్సయిజు విధించిరి. లాంకాషైరువారు తృప్తి చెందలేదు. 1896 లో నూలును పూర్తిగ విడిచి, దిగుమతి బట్టపైనను దేశీయ మిల్లు బట్టపైనను మూడున్నర చొప్పున వేసిరి. దేశీయ మిల్లులవారికి ఇది తీరని గాయమై, ఆ ఎక్సయిజు తొలగువరకు రాజకీయ సభలలో మారుమ్రోగుచునే యుండెను. కాని చేమగ్గపువానికి మాత్రము నూలు సుంకములేక దొరకినది. పరుల మేలుకొరకు చేసిన యేర్పాటులో వాని మేలు తెలియకయే చేరిపోయినది. ఈ సదుపాయము 1922 వరకు సాగినది. ఆ యేట నూలుపై మరల నూటికి 5 పడినది. 1927 లో జపాను నూలు పోటీనుండి దేశీయ మిల్లులను కాపాడుటకై, నూటికి 5 గాని పౌనుకు అణాన్నర గాని, ఏది యెక్కువైన నది యని నిర్ణయించిరి. పౌను వెల పదునైదణాలనుకొన్నచో అణాన్నర యనగా నూటికి పది. నూలు ఎంత చవుకైన సుంకము పాలు అంత హెచ్చు. మిల్లులకు రక్షణ కావలసియుండెను, నిజమే. కాని ఆ రక్షణకు ఖర్చు పెట్టుకొన్నవారిలో దిగుమతి నూలు కొని నేసిన సాలెవాడొకడు.

ఇక 1939. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 లో సేలము జిల్లాలోను, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలలోను మద్యనిషేధమును పెట్టెను. అబ్కారీ రాబడి తగ్గగా దానిని పూడ్చుటకు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. కల్లుపాక మూతబడిన లోటును అంగడి తీర్చవలసి వచ్చినదన్నమాట. మద్యనిషేధమును మేము మనసార మెచ్చినవారమే. ఆ మెప్పులో ఈ ఖర్చును గూడ లెక్కింపవలెనని మాత్రము మా మనవి. సాలుకు 10,000 రూపాయల లోపు అమ్మువారికి పన్ను లేదు. 20,000 లోపువారికి నెలకు 5 రూపాయలు. ఆపైన నూటికి అర్ధరూపాయి. ప్రత్తిని, నూలును, చేమగ్గపు బట్టలనే యమ్మువారి సరకును చట్టము మినహాయించినది. మోతర్ఫా నాటి పాఠము నెవరో జ్ఞప్తియందుంచుకొనిరని మేము సంతసింతుము. అయినను రంగులు, నాడె, పన్నె కొన్నప్పుడు అంగడివాడు కట్టిన పన్ను వెలలో కలిసి నేతవానికే తగిలినది.

ఆంధ్రప్రదేశ్ చట్టము 1957 లోను, విలువ ఆధారిత పన్ను 2005 లోను వచ్చినవి. 2017 తో మనము మొదట చెప్పిన బిల్లు వద్దకు వచ్చితిమి.

పిల్లవానికి మేము పలకమీద లెక్క వేసి చూపితిమి. పదివేల రూపాయల నూలు కొన్నచో పన్ను 500. నమోదైన షావుకారు ఆ 500 ను తాను బట్టపై కట్టవలసిన పన్నులో తగ్గించుకొనును. కనుక అది వాని నష్టములోనిది కాదు. నీ తండ్రి నమోదు కాలేదు గనుక బట్టపై పన్ను వసూలు చేయనక్కరలేదు, నిజమే. కాని నూలుపై కట్టిన 500 ను తిరిగి రాబట్టుకొను దారి గూడ వానికి లేదు. అది బట్ట ఖరీదులో చేరవలెను, లేదా వాని కూలిలో తరుగవలెను. సంతలో షావుకారు బట్ట ప్రక్కనే వీని బట్టయు ఉండును గనుక చాలసార్లు కూలిలోనే తరుగును. తానే కోరి నమోదు చేసికొనవచ్చును గాని, గడువు తప్పక లెక్కలు దాఖలు చేయుటకు గుమాస్తా కావలెను. గుమాస్తాకు జీతము కావలెను.

2025 సెప్టెంబరులో రేట్లను సవరించినప్పుడు కృత్రిమ నూలుపై 12 గా నున్నది 5 కు తగ్గినది. ప్రత్తి నూలు మునుపటివలె 5 లోనే యుండెను. చేనేత సంఘములవారు కోరిన మాఫీ అప్పుడును రాలేదు. ఆ పిల్లవాడు లెక్కనంతయు విని, రంగుల బిల్లు కూడ తీసికొని వచ్చెదనని చెప్పి పోయెను. మరునాడు తెచ్చిన ఆ బిల్లులో నూటికి 18 ఉండెను.