కంప్యూటర్లో నీళ్ళా?

సీపీయూకి వాటర్ కూలింగ్ అనగానే గేమింగ్ కుర్రాళ్ళ సోకు అనుకుంటాం గానీ, ఇది పెద్ద యంత్రాల పనండీ. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక్కో మాడ్యూల్‌కి వందకి పైగా చిప్‌లు. ప్రతి చిప్ మీదా ఓ బుల్లి పిస్టన్ ఆనుకుని, వేడిని పైనున్న చన్నీళ్ళ పలకకి చేరవేసేది. ఖాళీల్లో గాలి బదులు హీలియం! 1990లలో తక్కువ కరెంటు తాగే సీమాస్ చిప్‌లొచ్చి ఆ గొట్టాలు పీకించేసాయి.

అప్పుడు పట్టుకున్నారు ఓవర్‌క్లాకింగ్ పిచ్చోళ్ళు. 2000 ప్రాంతంలో అమెరికాలో కారు హీటర్ కోరూ, అక్వేరియం పంపూ, ప్లాస్టిక్ ట్యూబూ కలిపి ప్రాసెసర్‌కి తగిలించేవారు. ఆ సరంజామానే కూలెన్స్ లాంటి కంపెనీలు తీరుగా తయారుచేసి అమ్మాయి. అయినా నీళ్ళు కారి మదర్‌బోర్డు పోతుందన్న భయం పోలేదు.

2009 నాటి కోర్సెయిర్ హెచ్50తో అదీ చాలావరకు తీరింది. ద్రవం ఫ్యాక్టరీలోనే నింపి సీలు వేసేసారు, మనం స్క్రూలు బిగించుకోవడమే. (లోపలి సరుకు డెన్మార్క్ వాళ్ళ ఏసెటెక్‌ది లెండి.) సులువే, కాదనను. కానీ అందులో పంపు చచ్చిపోతే మొత్తం పారేయాల్సిందే. అక్వేరియం పంపు పోతే పంపొక్కటే మార్చుకునేవారు. కాబట్టి నేర్చుకుందామనుంటే విడి భాగాల కిట్టే కొనండి. బిగించాక ఒక రోజంతా పంపుకి మాత్రమే కరెంటిచ్చి, కింద టిష్యూ కాగితాలు పరిచి చూడండి.