ఉదయగిరి సీమలో ప్లేటో ప్రశ్న

ఉదయగిరి దుర్గమును గూర్చి మాట వచ్చినప్పుడెల్ల ముట్టడికథయే ముందు వినవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తి యా కొండను చుట్టుముట్టుట, నెలల తరబడి యది లొంగకుండుట, తుదకు 1514లో కోట చిక్కి తిరుమల రౌతరాయలు బందీ యగుట, అచ్చటి బాలకృష్ణ విగ్రహము హంపికి తరలిపోవుట: ఈ కథను చెప్పుటకు మనకెన్నడును విసుగు పుట్టదు. కాని కోటను గెలుచుట వేఱు, ఆ కోట నీడను బ్రదుకు జనులను పాలించుట వేఱు. గెలిచిన రాయలు ఈ రెండవ పనిని గూర్చి యేమి తలచెనో విచారించువారు మనలో తక్కువ. ఆ విచారమునకు పూనుకొనుటకు ముందు మేము పాఠకులను కొంత దూరము, గ్రీసుదేశమునకు, తీసికొనిపోవలసియున్నది.

ఏథెన్సు నగరమున క్రీ. పూ. 399లో సోక్రటీసునకు విషమిచ్చి చంపిరి. ఆ శిక్ష విధించినది నిరంకుశుడగు రాజు గాదు. నగరపౌరులే వందలకొలది న్యాయసభయందు కూర్చుండి, ఓట్లు లెక్కించి విధించిరి. శిష్యుడగు ప్లేటో మనస్సునందు ఈ గాయము మానలేదు. ఆయన 'రిపబ్లిక్' అను సంభాషణ గ్రంథమున త్రాసిమాకసు అనునొకడు లేచి, న్యాయమన బలవంతునకు లాభించునదే యని కుండ బద్దలు కొట్టినట్లు చెప్పును. గొఱ్ఱెలకాపరి మందను మేపునది తన కొఱకా, గొఱ్ఱెల కొఱకా యని వాని యెత్తిపొడుపు. సోక్రటీసు దీనికి వైద్యుని చూపి బదులు చెప్పును. వైద్యుడు వైద్యుడుగా నున్నంతవఱకు రోగి మేలే చూచును. తన రుసుము వేఱు సంగతి. అట్లే పాలించుటయను విద్య పాలితుల మేలు కొఱకే కాని పాలకుని బొక్కసము కొఱకు గాదు.

ఇంతవఱకు ఎవ్వరికిని అభ్యంతర ముండదు. చిక్కు తరువాత వచ్చును. పాలనము విద్యయైనచో విద్యగలవాడే పాలింపవలెను గదా! నక్షత్రముల గతి నెఱుగని నావికులు చుక్కానికై కలహించుకొను ఓడవంటిది ఏథెన్సు అని ప్లేటో నింద. కావున జ్ఞానులు రాజులగువఱకు, లేదా రాజులు జ్ఞానులగువఱకు, రాజ్యములకు ఇడుమలు తప్పవని ఆయన తేల్చెను. అట్టి పాలకులకు సొంత ఆస్తి యుండరాదు. యోగ్యత గలిగినచో స్త్రీలును పాలకులు గావచ్చును, వారికిని పురుషులతో సమానమైన విద్య నీయవలెను. సుమారు ఇరువదినాలుగు శతాబ్దములకు పూర్వము పలికిన యీ మాటను మనము ఇంకను తడబడుచు పలుకుచున్నాము! అయినను ఆయన జనులను బంగారు, వెండి, ఇత్తడి, ఇనుపజాతులుగా విభజించి, అది దైవనిర్ణయమని నమ్మింపవలెననెను. ఇనుపవానికి బంగారుబిడ్డ పుట్టినచో పైకి తీసికొనవలెనని చెప్పుట ఒక్కటే మన వర్ణవ్యవస్థకంటె ఆయన కల్పనయందు మెఱుగు.

గుహలోని చీకటికి అలవడినవాడు వెలుపలి సూర్యుని జూచి, మరల గుహలోనివారి కొఱకు దిగిరావలెనని ప్లేటో కథ. జ్ఞానికి రాజ్యము సుఖము గాదు, బాధ్యత. ఆయన తానును దిగి చూచెను. సిసిలీ ద్వీపమున సిరక్యూసు ప్రభువగు రెండవ డయొనీషియసును జ్ఞానిగా మార్పబోయి, క్రీ. పూ. 367లో నొకసారి, 361లో నొకసారి పోయి, రెండుమార్లును భంగపడి వచ్చెను.

ఇక మన రాయల కడకు వత్తము. ఆముక్తమాల్యదయందు యామునాచార్యుని కథ కలదు. బాలుడగు యామునుడు రాజసభయందు వాదమున గెలిచి, రాజ్యమును బడసి, పాలనభోగములలో మునిగిపోవును. అతని తాత నాథముని శిష్యపరంపరలోని రామమిశ్రుడు ఆకుకూర కానుకగా పంపుచు అంతఃపురమునకు దారి చేసికొని, నీ పెద్దలు దాచిన నిధి చూపెదనని చెప్పి శ్రీరంగనాథుని సన్నిధికి తోడుకొనిపోవును. అంతట యామునునకు కనువిప్పు గలిగి రాజ్యమును కుమారునకు అప్పగించును. ప్లేటో జ్ఞానిని రాజ్యములోనికి దింపగా, రాయలు జ్ఞానిని రాజ్యమునుండి పైకి లాగెను. సింహాసనముపై కూర్చుండియే ఈ కథను ఎన్నుకొనిన కవి మనస్సు ఎట్టిదో మేము పలుమారు ఆలోచించితిమి.

యామునుడు కుమారునకు చేయు ఉపదేశమే రాయల రాజనీతి. అది ప్లేటో శాస్త్రమువలె ఆకాశమునుండి దిగదు, అనుభవమునుండి పుట్టును. ఆదాయమును నాలుగు పాళ్ళు చేసి, ఒకటి దానభోగములకును, రెండు సైన్యమునకును, ఒకటి బొక్కసమునకును ఉంచవలెనట. నేల చాలనిచోట చెఱువులు, కాలువలు త్రవ్వించి, బీదరైతునకు పన్నున సడలింపు నిచ్చినచో ధర్మమును ధనమును రెండును పెరుగునట. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టరైతు నడిగినచో ఈ చెఱువు మాట విలువ యేమో చెప్పగలడు. దుర్గములను బ్రాహ్మణులకే అప్పగింపుమను భాగము మాకు రుచింపదు. నమ్మకమును కులముతో తూచుట అందు కనబడుచున్నది. కాని ఒక మాటకు మేము తలయొగ్గెదము. కష్టములకు తాళలేక రైతు ఊరు విడిచిపోవుచుండగా వానిని వెనుకకు పిలువక, వాని పశువులను ధాన్యమును అమ్ముకొనవచ్చును, వాని యింటి దూలములు వంటచెఱకు కక్కఱకు వచ్చునని సంతోషించు అధికారి యుద్ధభూమిలోని నక్కవంటివాడట. అట్టివాడున్న రాజు ఏడు దీవులేలినను చెడునట. త్రాసిమాకసునకు ఇంతకంటె గట్టి సమాధానము ప్లేటోయందును మాకు కనబడలేదు.

ఐనను ఒక లోటు మిగిలియున్నది. ఊరు విడిచిన రైతు మొరను రాజు వినవలెనని రాయలు చెప్పెను. వినకున్నచో రైతు ఏమి చేయవలెనో చెప్పలేదు. ప్లేటోయు చెప్పలేదు. ఆయన శిష్యుడగు అరిస్టాటిలు మాత్రము దీనిని కొంచెము తాకెను. ఇల్లు బాగున్నదో లేదో కట్టినవానికంటె కాపురమున్నవాడే బాగుగ ఎఱుగును, విందు రుచిని వంటవానికంటె తినువాడే చెప్పగలడు అని ఆయన వాదము. మన గృహిణులకు ఈ సంగతి అరిస్టాటిలు చెప్పనక్కఱలేదు. జ్ఞానము రెండు విధములని దీని భావము: చేయువాని జ్ఞానమొకటి, అనుభవించువాని జ్ఞానమొకటి.

ఈ రెండవ జ్ఞానము ఉదయగిరి సీమలోనే ఒకనాడు నోరు విప్పినది. నేడు ఉదయగిరి నియోజకవర్గమున చేరియున్న కలిగిరి మండలమున దూబగుంట యను గ్రామము కలదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సాక్షరతోద్యమము సాగినప్పుడు అచ్చటి కూలినాలి స్త్రీలు రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దిరి. వారి వాచకమున భర్త త్రాగుడువలన నలిగిన సీతమ్మ కథ యొకటి పాఠముగా నుండెను. చదివిరి, చర్చించుకొనిరి, అది తమ యింటి కథయే యని గ్రహించిరి. ఆపై అందఱును కదలి ఊరిలో సారా అమ్మకమును మాన్పించిరి. వారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతటను మ్రోగినది. 1992లో ఉద్యమము ఊరూర ప్రాకి, సారా వేలముపాటలను స్త్రీలే అడ్డుకొనిరి.

ఆ వేలముపాట మాట ఒక్కింత నిలిచి చూడుడు. ప్రభుత్వపు బొక్కసమున ఆ సొమ్ము చిన్న మొత్తము గాదు. జనుల మేలు కొఱకని చెప్పు పాలనయే వారి యింటి పొయ్యి నార్పు సరకును వేలము వేసి ఆదాయము గడించుచుండెను. గొఱ్ఱెలకాపరి ప్రశ్నయే మరల వచ్చినది. ఈసారి దానిని అడిగినది తత్త్వవేత్త గాడు, అక్షరము కొత్తగా నేర్చిన కూలిస్త్రీ. ఆమెకు నక్షత్రముల గతి తెలియదు. ఓడలో నీరు చొచ్చుచున్నదని మాత్రము తెలియును, ఆ నీరు ముందుగా చేరునది ఆమె పాదముల కడకే గనుక.

1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో మద్యమునంతటిని నిషేధించిరి. బొక్కసము తాళలేదని 1997లో దానిని సడలించిరి. సారా నిషేధమును మాత్రము ముట్టలేదు.