మిసిసిపీ స్టీమరుపై సోమవారం రాత్రి

సెలవుల్లో మిసిసిపీ నది మీద, వెనుక పెద్ద చక్రం తిరిగే స్టీమరెక్కి, భోజనం చేసి, జాజ్ సంగీతం విని వస్తూంటాం. ఆ వినోదం వెనుక కథ కొంత చెప్పుకుందాం.

సరకుల రవాణా రైళ్ళకు పోయాక చాలా స్టీమర్లు విహారానికి మళ్ళాయి. 1855లో జాషువా స్టాడర్డ్ పేటెంటు పొందిన కాలియోపీ, అంటే ఆవిరితో మ్రోగే ఈలల వాద్యం, దూరాన ఉన్న జనాన్ని రేవుకు రప్పించేది. సెయింట్ లూయిస్‌లో స్ట్రెక్‌ఫస్ కుటుంబం వారి స్టీమర్లలో విశాలమైన డాన్సు హాళ్ళుండేవి. ఫేట్ మారబుల్ బృందం పాటలు వాయించేది. 1919 నుంచి 1921 దాకా వేసవుల్లో అందులో కార్నెట్ వాయించిన యువకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. సంగీతాన్ని కాగితం మీద చూసి వాయించడం అతనికి తోటి వాద్యకారుడు డేవిడ్ జోన్స్ అక్కడే నేర్పాడు.

వాయించేవారు నల్లవారు, డాన్సు చేసేవారు తెల్లవారు. సెయింట్ లూయిస్‌లో నల్లవారు ప్రయాణికులుగా ఎక్కడానికి సోమవారం రాత్రి ఒక్కటే కేటాయించారు. వారంలో తక్కిన రోజుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత మనుషులకు అతని కార్నెట్ వినే వీలు ఆ ఓడపై లేదు.

హోటళ్ళలో, వినోదశాలల్లో ఈ వివక్షను నిషేధించిన చట్టం నల్లవారి పోరాటం వల్ల 1964లో వచ్చింది. మనలో చాలామందికి ఈ దేశపు తలుపు తెరిచిన వలస చట్టం ఆ మరుసటి ఏడే, 1965లో వచ్చింది. ఏ రోజు కావాలంటే ఆ రోజు టిక్కెట్టు కొని ఎక్కే మన పిల్లలకు ఆ సోమవారం సంగతి కూడా చెబుదాం.