2222 మంది, 9 గంటలు: ఒక పాత పద్దు

ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. భక్తుల కథ: 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు, అది దేవుడి అద్భుతం. మతమార్పిడి వ్యతిరేకుల కథ: కరువులో గింజలు చూపించి దొర మతం అమ్మాడు. హేతువాదులం కనుక మొదటిదాన్ని నవ్వి తోసేస్తాం. రెండోదాన్ని మాత్రం పరీక్షించకుండానే మనమూ అప్పుడప్పుడు వాడేస్తుంటాం. ఇది సరికాదు.

ముందు అద్భుతం సంగతి. ఆ రోజు పొద్దున, మధ్యాహ్నం కలిపి 9 గంటలు కార్యక్రమం జరిగింది. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు నీళ్లలో దిగారు. 540 నిమిషాలు, ఇద్దరికి 1080. 2222తో భాగిస్తే మనిషికి సుమారు 29 సెకన్లు. వరుసలో నిలబెడితే మనుషులు చేయగల పనే. అబద్ధం అనక్కర్లేదు, అద్భుతం అసలే అనక్కర్లేదు.

ఇక గింజల సంగతి. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. పాదిరి కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. ధాత కరువు (1876-78) వచ్చినప్పుడు ఆ విద్యే అక్కరకొచ్చింది. 1877లో రిచర్డ్ టెంపుల్ సలహాతో ప్రభుత్వం కరువు కూలిని మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించింది. ఆ పనుల్లో మాదిగలకు తిట్లు, దెబ్బలు అదనం. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకుని డేరాలు వేయించాడు. తోలు పని తప్ప మట్టి పని ఎరగని జనం పార పట్టారు. బోధకులే మేస్త్రీలు. పగలంతా తవ్వకం, విశ్రాంతి వేళ అదే మేస్త్రీల నోట ఏసు కథ. అంటే ప్రచారం జరగలేదని కాదు, బాగానే జరిగింది.

కానీ తేదీలు చూడండి. కరువు సాగినంతకాలం, సుమారు 15 నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆపాడు. సాయం ఆగిపోయాక జనం వచ్చారు. ఆ ఏడాది చివరికి 9606 మంది చేరారు. ఇంకో పద్దు: 1867 జనవరి 1న 8 మందితో మొదలైన ఒంగోలు సంఘం ఈ సామూహిక బాప్తిస్మాలకు ముందే మూడు వేలు దాటింది. గింజలు లేనప్పటి ఆ మూడు వేలను ఏ ఖాతాలో వేస్తారు?

ఈ వివరాలు చాలావరకు మిషనరీల సొంత పుస్తకాల్లోవే. సొంత పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఊరికే నమ్మడు. ఆకలి తీర్చినవాడి మీద కృతజ్ఞత కూడా ఒక రకం బాకీయే. ఇవన్నీ ఒప్పుకుందాం. అయినా చేరడానికి పెట్టిన షరతులు గమనించండి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మాదిగవాడకి ఇవి ఒట్టి మతనియమాలు కావు. ఆదివారం వెట్టికి రాననడం, జాతరలో డప్పు కొట్టననడం ఊరి పెత్తనం మీద సమ్మె. అందుకే ఊరి పెద్దలు కక్ష కట్టారు. ఆ కష్టం తెలిసే వాళ్లు చేరారు.

దేవుడి మీద వాళ్ల నమ్మకం నాకు సమ్మతం కాదు. కానీ 'గింజలకు అమ్ముడుపోయారు' అనే మాటలో ఒక అవమానం దాగుంది: పేదవాడికి కడుపే తప్ప బుర్ర ఉండదని. అది హేతువాదం కాదు, పాత కులాహంకారమే. మనం ఊళ్లోకెళ్లి చేతిలో విభూతి పుట్టించే గుట్టు విప్పి, సాయంత్రం బస్సుకి తిరిగొస్తాం. కాలువ గట్టు మీద డేరా వేసి వాళ్లతో ఉన్నది మాత్రం ఆ పాదిరి. మన జమాఖర్చుల్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.