పులి అడుగు లెక్క

పులి వెనక ఎడమ కాలు. మన దేశంలో పులులెన్ని ఉన్నాయో చెప్పడానికి ముప్పయ్యేళ్లకు పైగా అటవీ శాఖ నమ్ముకున్నది ముఖ్యంగా ఆ కాలి ముద్రనే.

అడుగు చూసి జంతువును పోల్చుకోవడం నల్లమల చెంచులకు కొత్త విద్యేమీ కాదు. ముద్ర అంచు పదునుగా ఉంటే ఇప్పుడే వెళ్లినట్టు. అంచు రాలి, పైన పురుగులు పాకిన గీతలు పడితే రాత్రెప్పుడో దాటినట్టు. పులిదైతే ముందు నాలుగు వేళ్లు, వెనక మూడు వంపుల మెత్త, గోళ్ల జాడ ఉండదు. పిల్లి జాతి గోళ్లు ముడుచుకుని నడుస్తుంది మరి. గోరు గుచ్చుకున్నట్టుంటే అది రేచుకుక్కో, దుమ్ములగొండో.

ఈ విద్యను సర్కారు లెక్కల్లోకి తెచ్చే ప్రయత్నం 1934లో, ఇప్పటి జార్ఖండ్‌లోని పలామూ అడవుల్లో జె.డబ్ల్యు. నికల్సన్ అనే అటవీ అధికారి చేశాడు. దాన్నొక పద్ధతిగా తీర్చిదిద్దినవాడు మాత్రం ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి, 1960లలో. బండిబాటల మీద, నీటి రేవుల దగ్గర మట్టిని మెత్తగా సరిచేసి ఉంచుతారు. పొద్దున్నే గార్డు వచ్చి, ముద్రకు తగలకుండా పైన అద్దం పలక నిలిపి, అంచుల వెంట పెన్నుతో గీస్తాడు. అద్దం మీది గీతను కాగితం మీదికి ఎక్కిస్తాడు. ముద్ర బాగా పడితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తాడు. వెనక పాదం చదరంగా ఉంటే మగ పులి, కాస్త కోలగా ఉంటే ఆడ పులి. ఇలా 1972లో దేశమంతా లెక్కించి 1827 పులులని తేల్చారు. ఆ అంకె చూసి దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది.

చౌధురి పులిని కాగితం మీదే కాదు, ఇంట్లోనూ చూశాడు. 1974లో సిమిలిపాల్ దగ్గర దొరికిన ఆడ పులిపిల్లను తెచ్చి ఖైరీ అని పేరు పెట్టి పెంచాడు. దాన్ని గమనించడానికి వచ్చినవాళ్లలో శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి ఒకరు. పులి తన హద్దు చెప్పడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలోనూ, బాస్మతి బియ్యంలోనూ ఉన్న పరిమళ పదార్థం ఒకటేనని తర్వాత తేల్చింది ఆయన బృందమే. పులి జాడంటే అడుగొక్కటే కాదు, వాసన కూడా.

చిక్కంతా ఎక్కడంటే, ముద్రలో సగం పులిది, సగం నేలది. అదే పులి అడుగు బురదలో ఒకలా, పలచటి దుమ్ములో ఒకలా అచ్చు పడుతుంది. గీసే చెయ్యి మారినా గీత మారుతుంది. ఈ బలహీనతను 1980ల నుంచే ఎత్తి చూపినవాడు కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్. జూలోని నాలుగు పులుల ముద్రలు కలిపి ఇస్తే, అనుభవమున్న అధికారులు కూడా ఏది ఏ పులిదో సరిగా విడదీయలేకపోయారు. ఆయన నాగరహొళెలో కెమెరాలు కట్టి, చారలను బట్టి పులులను గుర్తించడం మొదలుపెట్టాడు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు.

అయినా పాత లెక్కే నడిచింది. 2004లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పదహారుకు తగ్గకుండా పులులున్నట్టు కాగితాలు చెప్పాయి. మరుసటి ఏడాది వెతికితే ఒక్కటీ లేదు, వేటగాళ్లు ఊడ్చేశారు. దీనికి పద్ధతినొక్కదాన్నే తప్పు పట్టలేం. లెక్క తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన చోట ఏ గార్డు తగ్గించి రాస్తాడు?

2006 నుంచి సర్కారు లెక్కలోకి కెమెరాలు, గణాంక శాస్త్రం వచ్చాయి. ఆ లెక్కలో తేలినవి 1411. 2022 నాటికి సగటు అంచనా 3682. అడుగు మాత్రం అడవి నుంచి పోలేదు, దాని ఉద్యోగం మారిందంతే. ఇప్పుడూ మొదటి దశలో బీట్ సిబ్బంది కాలినడకన తిరిగి అడుగులు, మలం, చెట్ల మీది గోటి గీతలు నమోదు చేస్తారు. ఆ జాడలున్న బాటల మీదే కెమెరాలు కడతారు. శ్రీశైలం పులుల అడవిలో చాలాచోట్ల ఆ బాట చూపించేది వాచర్లుగా పనిచేస్తున్న చెంచులే. దొరికిన మలం నుంచి డీఎన్‌ఏ తీసి జంతువును గుర్తించే పని హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రయోగశాలలోనూ జరుగుతోంది.