ఒకనాటి పువ్వు, పలుమార్లు పూత

డే లిలీ పువ్వు ఉదయమున విచ్చి రాత్రికి వాడిపోవును. 1753లో లిన్నేయస్ ఈ ప్రజాతికి నిర్ణయించిన హెమెరోకాలిస్ అను పేరునకు 'ఒకనాటి అందము' అని యర్థము. ఐరోపా తోటలలోని పాత నారింజరంగు రకము సాధారణముగా గింజకట్టదు. దుబ్బులు చీల్చి నాటవలసినదే. కణములలో క్రోమోసోములు రెండు వరుసలకు మారు మూడుండుటయే ఇందులకు కారణము. 1911లో న్యూయార్కు వృక్షోద్యానమున చేరిన ఆర్లో స్టౌట్ ఈ వంధ్యత్వమును పరిశోధించి, చైనా నుండి తెప్పించిన మొక్కలతో సంకరము చేసి, ఎన్నియో కొత్త రకములను సాధించెను. 1957లో ఆయన మరణించెను.

1975లో ఇండియానా రాష్ట్రవాసి వాల్టర్ జబ్లాన్‌స్కీ 'స్టెల్లా డి ఓరో' అను పసుపు రకమును నమోదు చేయించెను. ఒక పూకాడ ముగిసిన పిదప మరియొకటి లేచి, ఇది వేసవి యంతయు పూయును. 1985లో దీనికి లభించినది స్టౌట్ పేరిటి వెండి పతకమే. పువ్వు ఆయువు నేటికిని ఒక దినమే, పెరిగినది పూతకాలము.